చిలకమర్తివారి ఇంగ్లీషు చదువు

గోదావరీతీరమున పుట్టి ఆంధ్రదేశమంతటను పేరు గాంచిన రచయితలలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని ఎరుగనివారు మన గ్రంథాలయ పాఠకులలో నుండరు. గణపతి నవలను చదివి కడుపుబ్బ నవ్వుకొన్నవారు కొందరు, గయోపాఖ్యాన నాటకమును గూర్చి తాతల నోట విన్నవారు కొందరు, బిపిన్ చంద్రపాలుని సభలో వారు చెప్పిన పద్యమును బడిలో వల్లించినవారు మరికొందరు. అయితే వారి తెలుగును మెచ్చుకొన్నంతగా వారి ఇంగ్లీషు చదువును తలచుకొనుట మనకు అలవాటు లేదు. ఈ రజతోత్సవ సంచికకు ఏదేని వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు నేను ఆ ముచ్చటనే ఎంచుకొంటిని. ఏలయన, నేడు మన పఠనమందిరమునకు వచ్చు హైస్కూలు పిల్లలు మొట్టమొదట అడుగునది ఇంగ్లీషు నిఘంటువు. కఠినపదములను నోటుపుస్తకములలోనికి ఎత్తివ్రాసికొని, వాటికెదురుగా అర్థములు వ్రాసికొని, పరీక్షవరకు జ్ఞాపకముంచుకొనుటకు వారు పడు పాట్లు చూచుచునే యున్నాము. అట్టి నిఘంటువులోని సన్నని అక్షరములు కంటికి ఆనని ఒక బాలుడు, నూటముప్పది యేండ్లకు పైగా పూర్వము, ఆ పదములనే ఎట్లు సంపాదించెనో, సంపాదించి వాటినేమి చేసెనో తెలిసికొనుట ఆ పిల్లలకును వారిని కన్నవారికిని పనికివచ్చునని నా తలంపు.

లక్ష్మీనరసింహముగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీని ఖండవల్లి గ్రామమున జన్మించిరి. అది వారి మాతామహుల ఊరు; నేటి పెరవలి మండలములో నున్నది. వారి బాల్యము గడచినది వీరవాసరమున. అప్పటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై పదునైదేండ్లయినది. కాటను దొర 1847లో ఆరంభించిన ఆ పని 1852లో ముగిసినది. డెల్టాలో కాలువలు పారినవి. కాలువలవెంట పడవలు నడచినవి. పడవలవెంట, నీటివెంట, ఇంగ్లీషు మాటలును మన పల్లెలకు వచ్చినవి. లాకు అన్నమాటను, లస్కరన్న మాటను, స్లూయిజన్న మాటను మన రైతులు బడికి పోకయే నేర్చుకొనిరి. లాకు ఇంగ్లీషు మాటయని నేటికిని కొందరికి తెలియదు. ఇచ్చిపుచ్చుకొనుటలో అటువారును ఊరకుండలేదు. మన దక్షిణదేశపు ఆనకట్ట అన్న మాటనే వారు అనికట్టుగా చేసి తమ నిఘంటువులలో చేర్చుకొనిరి.

ఆ 1852వ సంవత్సరమును గూర్చి ఇంకొకమాట. ఆనకట్ట పూర్తియైన ఆ యేడే బ్రౌనుదొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయినది. ఇంగ్లండులో రోజెటు అను వైద్యుడు ఇంగ్లీషు పదములను అక్షరక్రమమున గాక అర్థమునుబట్టి గుంపులుగా కూర్చిన పర్యాయపద గ్రంథమును ఆ యేడే ప్రకటించెను. ఈ మూడింటికిని ఒకదానితో నొకదానికి సంబంధమేమియు లేదు. కాని నీరు, నిఘంటువు, పర్యాయపదకోశము ఒకే యేట సిద్ధమగుట నాకు ఎప్పుడును వింతగానే తోచును. అక్షరక్రమమునకును అర్థక్రమమునకును గల భేదమును గూర్చి ముందు చెప్పవలసియున్నది గనుక దీనినిచ్చట తడవితిని.

మన ప్రాంతమున ఇంగ్లీషు చదువు దొరల దయచేత మాత్రమే వచ్చినదని తలచుట పొరపాటు. 1850లలో నరసాపురమున సబుకలెక్టరుగా నుండిన టైలరుదొర ఆ చుట్టుపట్ల బడులు పెట్టించినప్పుడు వాటి ఖర్చునకై శిస్తుతో పాటు కొంత సొమ్ము తామే ఇచ్చుకొనుటకు రైతులు ఒప్పుకొనిరి. ఆ పద్ధతియే తరువాత చట్టమునకు దారి తీసినది. రాజమహేంద్రవరమున ప్రభుత్వ పాఠశాల 1853లో ఆరంభమై కాలక్రమమున కళాశాల యైనది. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడిన పిమ్మట మెట్రిక్యులేషను పరీక్ష వచ్చినది. ఆ పరీక్ష ముందర ఒక పెద్ద గడపవంటిది. పై తరగతులలో ఇంగ్లీషు భాష యొక్కటియే కాదు, చరిత్ర, భూగోళము, గణితము సైతము ఇంగ్లీషులోనే చెప్పుచుండిరి. ఇంగ్లీషు పదము తెలియనివానికి లెక్కయు తెలియదన్నమాట. ఇంటిలో తెలుగు, పురాణములో సంస్కృతము, బడిలో ఇంగ్లీషు: పండ్రెండు పదుమూడేండ్ల పల్లెటూరి బాలుడు ఈ మూడు రేవులు దాటవలసియుండెను. అందును మూడవ రేవు మిక్కిలి లోతైనది.

లక్ష్మీనరసింహముగారికి ఈ కష్టము చాలదన్నట్లు చిన్నతనముననే దృష్టిలోపము ప్రాప్తించినది. వారికి రేచీకటి. సాయంకాలమైనచో ఒకరు చేయి పట్టుకొననిదే వీధిలో నడువలేకుండిరి. పగలైనను చూపు చాలినంత లేదు. తరగతిలో ఉపాధ్యాయుడు బల్లమీద వ్రాసిన అక్షరములు కనబడకుండెను. విద్యుద్దీపము లేని దినములవి. ఆముదపు దీపముకడనో కిరసనాయిలు బుడ్డికడనో కూర్చుండి తక్కిన పిల్లలు పాఠములు చదువుకొను వేళకు ఈ బాలునికి పుస్తకము మూతపడినట్లే. చదువుకొను పిల్లవానికి రాత్రి యెంత విలువైనదో పరీక్షకు పోయిన ప్రతివారికిని తెలియును. ఆ రాత్రి యంతయు వారికి వినుటకే మిగిలినది.

కావున వినిరి. సహాధ్యాయులు తమ పాఠములు పైకి చదువుకొనుచుండగా పక్కన కూర్చుండి విని మనస్సున నిలుపుకొనిరి. వారు ఏకసంథాగ్రాహులని లోకము చెప్పుకొనుచు వచ్చినది. ఆ మాట నిజమే కాని, ఏకసంథాగ్రాహి యన్నంతమాత్రమున ఇంగ్లీషు వచ్చునని భ్రమపడరాదు. తెలుగునకు చెవి చాలును. మనము పలికినట్లే వ్రాయుదుము, వ్రాసినట్లే పలుకుదుము. ఒకమారు పద్యము విన్నవాడు దానిని తప్పులేకుండ వ్రాయగలడు. ఇంగ్లీషు అట్టిది కాదు. ఆ భాషలో రాత్రి నైటే. కవచము తొడిగి గుఱ్ఱమెక్కిన వీరుడును నైటే. చెవికి రెండును ఒక్కటే. వ్రాతలో వీరుని ముందు కే అను అక్షరమొకటి కూర్చుండును. అది నోరు విప్పదు. సరియైన దానిని రైటందురు, వ్రాయుటను రైటందురు, మతకర్మను రైటందురు; మూడింటి వ్రాత మూడు తీరులు. కన్నుతో చదువువాడు ఈ భేదమును ఒక్కచూపులో పట్టుకొనును. చెవితో చదువువాడు రెండు మూటలు మోయవలెను: పదముయొక్క ధ్వని ఒక మూట, దాని అక్షరముల వరుస రెండవ మూట. నైటను వీరునికై కే, ఎన్, ఐ, జి, హెచ్, టి అని ఆరక్షరములును గుణింతమువలె వల్లించి, ఆ వల్లింపును అర్థముతో ముడివేసి దాచుకొనవలెను. ఒక్క పదమునకు ఇంత. మెట్రిక్యులేషను గట్టెక్కుటకు ఎన్ని వేల పదములు కావలెనో ఊహించుకొనుడు.

ఇచ్చట మన పూర్వుల విద్యాపద్ధతిని కొంచెము తలచుకొనవలెను. ఆ కాలపు బ్రాహ్మణబాలురకు నిఘంటువనగా పుస్తకము కాదు, అమరము. అమరసింహుని నామలింగానుశాసనము మూడు కాండలు, సుమారు పదునైదువందల శ్లోకములు. దానిని గురువు చెప్పగా శిష్యుడు విని, తిరిగి చెప్పి, అక్షరములు బాగుగా రాకముందే కంఠస్థము చేయుచుండెను. అమరములో పదములు అకారాదిగా ఉండవు. స్వర్గమున కొక వర్గు, భూమి కొక వర్గు, అడవుల కొక వర్గు; ఒక వస్తువునకు గల పేరులన్నియు ఒకచోట. అకారాదిక్రమము కంటికి అనుకూలము, పుట తిప్పి వెదకువాని కది. అర్థక్రమము చెవికి అనుకూలము, మనస్సులో వెదకువాని కిది. ఇంగ్లీషువారికి రోజెటు 1852లో చేసిపెట్టిన పని మనకు వేయియేండ్లకు పూర్వమే జరిగియున్నది. చెవితో పదములు నేర్చుట మన దేశమునకు కొత్త కాదని నా యభిప్రాయము. లక్ష్మీనరసింహముగారు చదివిన ఇంగ్లీషు కొత్తది. చదివిన తీరు పాతది.

అది అట్లుండ, ఆ చదువులో పక్కనున్నవారి పాలు ఎంతయో కలదు. ఇంగ్లండు మహాకవి మిల్టను 1652 నాటికి పూర్తిగా గ్రుడ్డివాడైన పిమ్మట తన మహాకావ్యమును ఇతరులకు చెప్పి వ్రాయించెను. గ్రీకు, లాటిను, హీబ్రూ గ్రంథములను కుమార్తెలచేత చదివించుకొనెనని ఆయన మేనల్లుడు వ్రాసియుంచెను. పాపము, ఆ కుమార్తెలకు ఆ భాషల అర్థము తెలియదు. తెలియని భాషను గంటల తరబడి తండ్రికి చదివి వినిపించుట వారికి విసుగు పుట్టించెను. మన రాజమహేంద్రవరపు బాలురు అట్లు కాదు. తామును ఆ పరీక్షకే పోవలసినవారు. పైకి చదివి వినిపించినవాడు నోరు తిరుగని పదమువద్ద ఆగవలెను, విన్నవాడు అర్థమడిగినచో చెప్పవలెను, చెప్పలేనిచో వెదకవలెను. వినువాని చదువుతోపాటు చదువువాని చదువును పదునెక్కినది. మన పిల్లలు నేడు ఎవరి గదిలో వారు, ఎవరి ఫోనులో వారు పదములు బట్టీపట్టుచున్నారు. ఇద్దరు కలిసి ఒక పాఠమును పైకి చదువుకొను అలవాటు తగ్గినది. దీనికి మారుగా ఏమి లాభము కలిగెనో నాకు బోధపడకున్నది.

1889 నాటికి వారి పాఠశాల చదువు ముగిసినది. ఆ రోజులలో మెట్రిక్యులేషను చదివిన బ్రాహ్మణయువకునికి దారి ఒక్కటే: కాకినాడ కలెక్టరు కచ్చేరిలోనో, తాలూకా కచ్చేరిలోనో గుమాస్తా. గుమాస్తాపని యనగా దినమంతయు అర్జీలు చదువుట, నకళ్లు వ్రాయుట. అది కన్నుల పని. తోడివారు ఏ ఇంగ్లీషును చూపి నెలజీతములు సంపాదించిరో ఆ ఇంగ్లీషు వీరియొద్దను సమృద్ధిగానే ఉన్నది. అయినను అది ఆ అంగడిలో చెల్లలేదు. వారు రాజమహేంద్రవరమున ఆర్యపాఠశాలలో తెలుగు పండితులుగా చేరిరి. పిమ్మట ఇన్నీసుపేట పాఠశాలలోను, పురపాలకసంఘపు ఉన్నతపాఠశాలలోను అదే పని చేసిరి. కష్టపడి ఇంగ్లీషు నేర్చి తెలుగు చెప్పి బ్రతుకవలసివచ్చినది. ఇందులో దురదృష్టమున్నదో, ఆంధ్రదేశపు అదృష్టమున్నదో పాఠకులే నిర్ణయింపవలెను.

ఆ యేడే వారు కీచకవధ నాటకము వ్రాయగా ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారి నాటకసమాజమువారు ప్రదర్శించిరి. తరువాత గయోపాఖ్యానము వచ్చినది. అప్పుడు రాజమహేంద్రవరమున చదువుకొనుచుండిన టంగుటూరి ప్రకాశముపంతులుగారు ఆ నాటకసమాజములో వేషములు కట్టిరి. 1894లో రామచంద్రవిజయము, 1896లో హేమలత, ఆపై అహల్యాబాయి: న్యాపతి సుబ్బారావుపంతులుగారి చింతామణి పత్రికవారు నవలలకు బహుమతులు ప్రకటించిన కాలమది. బహుమతులు వీరినే వరించినవి. ఈ లోపల చూపు నానాటికి తగ్గుచు వచ్చినది. తుదకు పూర్తిగా పోయినది. గ్రంథములను చెప్పి వ్రాయించుటయే వారి పద్ధతి యైనది. లోకము వారికి ఆంధ్ర స్కాటని, ఆంధ్ర మిల్టనని బిరుదములిచ్చినది. ఇంగ్లీషువారి పేర్లతో మనవారిని కొలుచుట ఆనాటి సరదా. నాకది అంత రుచింపదు. అయినను స్కాటు సైతము 1819లో వ్యాధిపీడితుడై ఐవన్హో నవలలో కొంతభాగమును మంచముమీదినుండి చెప్పి వ్రాయించెనని తెలిసినప్పుడు, బిరుదమిచ్చినవారు ఎరిగి యిచ్చిరో ఎరుగక యిచ్చిరో గాని, అది కొంత అతికినట్లే తోచును.

ఇంగ్లీషు పదము నేర్చుట ఎందులకు? పరీక్షకొఱకని పిల్లలు చెప్పుదురు. లక్ష్మీనరసింహముగారు నేర్చిన పదములు ఎక్కడికి పోయినవో చూచినచో దీనికి వేరొక సమాధానము దొరకును. కర్నలు జేమ్సు టాడు రాజపుత్రస్థానమును గూర్చి ఇంగ్లీషున రెండు పెద్ద సంపుటములు వ్రాసెను. అవి 1829లోను 1832లోను లండనులో అచ్చయినవి. ఆ సంపుటములను ఆధారము చేసికొని చిలకమర్తివారు రాజస్థాన కథావళిని తెలుగున వెలయించిరి. పద్మినిని, ప్రతాపసింహుని తెలుగు పల్లెల పిల్లలు ఎరిగినది విశేషముగా ఇట్టి పుస్తకములవలననే. టాడు రాజపుత్రుల కట్టుబాట్లను ఐరోపాలోని ఫ్యూడల్ పద్ధతితో పోల్చుచు అధ్యాయములు నింపెను. ఈ ఫ్యూడలన్న పదమునకు నిఘంటువు చూచి ఒక మాట వ్రాసికొన్నంతమాత్రమున తెలుగు పాఠకునికి ఏమి తెలియును? భూమి యిచ్చిన ప్రభువెవడు, పుచ్చుకొన్న సామంతుడెవడు, యుద్ధము వచ్చినప్పుడు ఎవడు ఎవని వెంట నడువవలెను, నడువనిచో ఏమగును: ఇదంతయు ఆ ఒక్క పదములో దాగియున్నది. దానిని తెలుగు చేయువాడు పదమును కాక పదము వెనుకనున్న లోకమును తెలుగు చేయవలెను. జాగీరులను, జమీందారులను, పెద్దాపురపు రాజులను, మొగల్తూరి రాజులను ఎరిగిన గోదావరివాసి కది అసాధ్యము కాదు.

రొమేశచంద్రదత్తుగారు తమ వంగనవలను తామే ఇంగ్లీషు చేసి లేక్ ఆఫ్ పామ్స్ అను పేర 1902లో ప్రకటించిరి. చిలకమర్తివారు దానిని సుధాశరచ్చంద్రమను పేర తెలుగు చేసిరి. ఇందులో వితంతు బాలిక పునర్వివాహ విషయమున్నది. వంగదేశపు పల్లెలోని కథ. ఇంగ్లీషు దారిన ప్రయాణము చేసి గోదావరి పల్లెకు చేరినది. చేరిన చోటు ఎట్టిదనగా, కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరులో మొదటి వితంతువివాహము జరిపించి యూరంతటిచేతను తిట్లు తిన్న రాజమహేంద్రవరము. కాళ్లకు చెప్పులు లేని కథవలె కాక, తెలిసినవారి యింటికి వచ్చిన చుట్టమువలె ఆ నవల యిచ్చట నిలిచినది.

ఇంగ్లీషు నవలలలోని తీరును వారెంత జీర్ణించుకొనిరనుటకు గణపతియే సాక్ష్యము. 1920లో వెలువడిన ఆ నవలలో గణపతి యను నిరక్షరకుక్షి బడిపంతులై పిల్లలకు చదువు చెప్పబూనును. ఆ బడిని, ఆ బెత్తమును, ఆ చదువును తలచుకొన్నచో నేటికిని నవ్వాగదు. నవల యను ప్రక్రియ ఇంగ్లీషునుండి వచ్చినది. కాని ఆ పుస్తకములో ఇంగ్లీషు వాసన వెదకిననుదొరకదు. అందులోని మాటలు మన వీధులవి, మన అరుగులవి. ఎక్కువ ఇంగ్లీషు నేర్చినవాడు తక్కువ ఇంగ్లీషు వాడుట నేను మిక్కిలి మెచ్చుకొను గుణము.

ఇక 1907. వంగదేశవిభజన వలన పుట్టిన అలజడి దేశమంతటను వ్యాపించినది. ఆ ఏప్రిలు నెలలో బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. వారు మహావక్త; ఇంగ్లీషున ఉపన్యసించుచుండిరి. సభకు వచ్చినవారో వర్తకులు, రైతులు, విద్యార్థులు, ఇంగ్లీషు ముక్క రానివారు వేలు. ఆ ఉపన్యాసములను తెలుగున చెప్పు భారము చిలకమర్తివారిపై పడినది. అప్పటికి వారి వయస్సు ముప్పదితొమ్మిది.

ఉపన్యాసమును తెలిగించుట ఎట్టి పనియో ఆలోచింపుడు. వ్రాతపనిలో నిఘంటువు తెరువవచ్చును, కొట్టివేసి తిరిగి వ్రాయవచ్చును. సభలో అది లేదు. వక్త ఆగిన మరుక్షణమున తెలుగు రావలెను. వచ్చిన తెలుగు వక్త ఆవేశమునకు తగ్గియుండరాదు. చూపున్న దుబాసులు కాగితముపై నాలుగు మాటలు గీచికొందురు. వీరికి కాగితము లేదు. చెవియు, జ్ఞాపకమును మాత్రమే ఉన్నవి. అయితే చిన్ననాటినుండి వారు అభ్యసించిన విద్య అదియే గదా! రాత్రులయందు తోడివారు చదువగా విని, పట్టి, నిలిపి, తిరిగి చెప్పుటయే వారి హైస్కూలు. ఇతరులకు కొఱతగా తోచినది వారికి ఆనాడు సాధనమైనది.

పదములును సామాన్యమైనవి కావు. ఆ ఉద్యమమునకు స్వదేశి, బాయ్కాటు, జాతీయవిద్య, స్వరాజ్యము అనునవి నాలుగు స్తంభములు. ఈ బాయ్కాటు అను పదమును బ్రౌనుదొర నిఘంటువు తొలికూర్పులో వెదకినచో దొరకదు. అది 1880లో ఐర్లండు దేశమున పుట్టినది. అచ్చటి మేయో మండలమున ఒక భూస్వామియొద్ద అధికారిగా నుండిన కెప్టెను బాయ్కాటు అనువానితో కౌలురైతులు మాటలాడుట మాని, అతని పంట కోయుట మాని, అతనికి సరకులమ్ముట మానిరి. ఆ మనుష్యుని పేరే ఆ పనికి పేరై నిఘంటువుల కెక్కినది. పదములు నిఘంటువులలో పుట్టవనుటకు ఇంతకన్న ఏమి కావలెను? మన పల్లెలలో కట్టుబాటని, సాంఘిక బహిష్కారమని అప్పటికే వాడుకలో నుండెను. అన్యాయముగా వాడినవారే ఎక్కువ. కాని పని తెలిసినది. ఐర్లండు రైతు చేసిన పనిని గోదావరి రైతునకు తెలుపుటకు పుట్టెడు వ్యాఖ్యానము అవసరములేదు.

దుబాసి యన్నది పాతమాట. కుంఫిణీవారి దినములలో దుబాసులు దొరల మాట జనులకు, జనుల సొమ్ము దొరలకు చేరవేసి మేడలు కట్టిరి. రాజమహేంద్రవరపు సభలో నిలిచిన ఈ దుబాసి కట్టిన మేడ యేదియు లేదు. ఆ సందర్భమున వారు భారతదేశమును పాడియావుగా వర్ణించి చెప్పిన పద్యము మాత్రము ఊరూర పాకిపోయినది. ఉపన్యాసమును వేలమంది వినిరి. పద్యమును లక్షలమంది పాడుకొనిరి. ఆ వేడిలోనే విద్యార్థులు వందేమాతరము ముద్రలను ధరించి కళాశాలకు పోగా, దొరతనమువారు దండనకు పూనుకొనిరి. శిక్షణకళాశాలలో చదువుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. ఆయనయే తరువాతి కాలమున గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును మూలస్తంభములలో ఒకరైరి.

తాము కష్టపడి పొందిన విద్యను ఇతరులకు సులభము చేయవలెనను పట్టుదల చిలకమర్తివారికి మొదటినుండియు కలదు. 1899లో రాజమహేంద్రవరమున హిందూ లోయర్ సెకండరీ పాఠశాలను స్థాపించి తొమ్మిదేండ్లు నడిపిరి. చూపులేని మనుష్యుడు పాఠశాల నడుపుట యనగా జీతములు, పుస్తకములు, ఇన్‌స్పెక్టరులు, చందాలు, అప్పులు; ఇవన్నియు ఉన్నవే. ఆ పాఠశాల తరువాత వీరేశలింగముపంతులుగారి చేతిలోనికి పోయి వారి పేర ఉన్నతపాఠశాలయై వృద్ధి పొందినది. 1909లో రామమోహన పాఠశాలను నెలకొల్పి, నాడు పంచములని పేర్కొని ఊరివెలుపల నుంచిన కులముల పిల్లలకు చదువు చెప్పించిరి. బల్లమీది అక్షరము కనబడని బాలుని బాధ వారెరుగుదురు. బడిగడపయే తొక్కనీయని బాలుని బాధ అంతకన్న పెద్దదని గ్రహించుటకు వారికి కన్నులక్కరలేకపోయినది. అగ్రజాతివారి ఆగ్రహము వారు తప్పించుకొనలేదు.

మనవంటి గ్రంథాలయములవారు ప్రత్యేకముగా తలచుకొనవలసిన సంగతి యొకటి కలదు. 1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీని బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశములోని గ్రంథాలయముల ప్రతినిధులు మొట్టమొదటి సారి సమావేశమైరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ సభకు ముఖ్యకారకులు. దేశమంతటికిని ఒక గ్రంథాలయసంఘము కావలెనని ఆనాడు నిశ్చయించిరి. నేటి మన చిన్న గ్రంథాలయమునకును అదియే మూలపురుషుడన్నను అన్నమాటయే. ఆ సభకు అధ్యక్షులుగా ఎన్నుకొనబడినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. పుస్తకమును తెరచి ఒక్క పంక్తియైన చదువుకొనలేని మనుష్యుని పుస్తకశాలల సభకు అధ్యక్షునిగా కూర్చుండబెట్టుట చిత్రమని ఆనాటివారెవరికిని తోచలేదు. వారు అక్షరము రానివారిని గూర్చి ఆలోచించుచుండిరి. పఠనమందిరమున పత్రిక చదువువానిచుట్టు పదిమంది కూర్చుండి వినుట ఆ ఉద్యమమునకు ప్రాణము. గ్రంథాలయమునకు చెవితో వచ్చువాడును పాఠకుడే యని అధ్యక్షపీఠము నలంకరించిన వారినిజూచి ఎవరికైనను తెలిసియుండును.

1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు వారికి కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించిరి. చివరి దినములలో స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. 1867 నాటి వీరవాసరమునుండి స్వాతంత్ర్యపు గడపవరకు గల గోదావరి మండలమంతయు అందులో నున్నది. ఎవరు ఏ పడవలో ఎక్కడికి పోయిరో, ఏ బడిలో ఏ పంతులుండిరో, ఏ పెండ్లిలో ఏమి వడ్డించిరో, చూపులేనివారి జ్ఞాపకమున అంత స్పష్టముగా ఎట్లు నిలిచినదని ఆశ్చర్యపడనివారుండరు. స్వరాజ్యము వచ్చుటకు పదునాలుగు నెలల ముందు, 1946 జూను 17వ తేదీని, వారు కాలధర్మము చెందిరి.

గణపతియు, స్వీయచరిత్రమును, రాజస్థాన కథావళియు మన గ్రంథాలయమున ఉన్నవి. చూపు మందగించిన పెద్దలెవరైన వినగోరినచో ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు పఠనమందిరమునకు రావచ్చును. పైకి చదివి వినిపించుటకు హైస్కూలు పిల్లలు నలుగురు ఒప్పుకొనియున్నారు.